తల్లిపాల ఫోటోలు, తీసివేత నిబంధనలు: కొలత ఎక్కడ తప్పుతోంది

తెలంగాణలో జరిగే కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఈ వాటా ఇంత ఎక్కువగా లేదు. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు దేశం మొత్తం మీద 41.8 శాతం ఉంటే, తెలంగాణలో ఆ లెక్క 37 శాతం దగ్గరే ఆగిపోయింది. ఆపరేషన్ అయిన తల్లి కుట్ల నొప్పితో పక్కకు ఒత్తిగిల్లి బిడ్డను రొమ్ముకు చేర్చుకోవాలంటే దగ్గరుండి చూపించే మనిషి కావాలి. ఒకప్పుడు ఆ మనిషి పుట్టింట్లో ఉండేది. పురిటికి వచ్చిన కూతురికి బిడ్డ తల ఎలా పట్టుకోవాలో, ఏ పక్క పడుకోబెట్టుకోవాలో తల్లో పెద్దమ్మో చేత్తో సర్ది చూపేవారు. ముర్రుపాలు పిండి పారబోయమనే పొరపాటు సలహాలు కూడా వాళ్ల దగ్గరే వినిపించేవన్నది నిజమే. అయినా నేర్చుకోవడానికి కళ్లెదుట ఒక మనిషంటూ ఉండేది. ఇప్పుడు హైదరాబాద్‌లో, మియాపూర్‌లోనో ఉప్పల్‌లోనో అద్దె ఫ్లాట్‌లో ఉండే బాలింతకు, నడిరాత్రి బిడ్డ చన్ను పట్టక ఏడుస్తుంటే, చేతికందేది ఫోనే. ఆ ఫోనులో సరైన ఫోటో, సరైన వీడియో దొరుకుతుందా లేదా అన్నది ఈ నగరంలో శిశు ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటి వేదికలు పాలిచ్చే తల్లుల ఫోటోలను తీసివేయడం గురించిన చర్చను విదేశీ మహిళల హక్కుల గొడవగా చూసి ఇక్కడ చాలామంది పట్టించుకోరు. నిజానికి దాని వల్ల ఎక్కువగా నష్టపోయేది, చూసి నేర్చుకోవడానికి పక్కన ఎవరూ లేని తల్లులే.

పాలు పట్టడం నేర్పేవారికి ఫోటో ఎందుకు అవసరమో కాస్త దగ్గరగా చూడాలి. బిడ్డ చన్ను సరిగ్గా పట్టిందా లేదా అని చెప్పడానికి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణలో నాలుగు గుర్తులు నేర్పుతారు. బిడ్డ నోరు బాగా తెరుచుకుని ఉండాలి, కింది పెదవి బయటకు మడిచినట్టు ఉండాలి, గడ్డం రొమ్ముకు తగులుతూ ఉండాలి, చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం బిడ్డ నోటికి కింది వైపు కంటే పై వైపు ఎక్కువగా కనిపించాలి. చనుమొన ఒక్కటే బిడ్డ నోట్లో ఉండి, వలయం మొత్తం బయటే ఉంటే బిడ్డకు పాలు సరిగ్గా అందవు. తల్లికి చనుమొన పగిలి నెత్తురు వస్తుంది. రెండు మూడు రోజులు అలా గడిచేసరికి ఇంట్లో ఎవరో ఒకరు పాలు చాలడం లేదంటారు, డబ్బా పాలు మొదలవుతాయి. అంటే ఆ నాలుగో గుర్తును మాటల్లో చెబితే సరిపోదు, చూపించాలి. చూపించాలంటే ఆ నల్లని వలయం ఫోటోలో కనిపించాలి. బిడ్డను రొమ్ముకు ఎలా దగ్గరికి తీసుకోవాలో నేర్పాలంటే బిడ్డ ఇంకా చన్ను పట్టని క్షణం కూడా ఫోటోలో ఉండాలి. తీసివేత నిబంధనలు ఏళ్ల తరబడి దేన్ని నిషేధించాయో అదే ఇక్కడ పాఠం. అందుకే సలహాదారులు చాలామంది బొమ్మ పాపాయితో, గుడ్డతో కుట్టిన రొమ్ము నమూనాతో వీడియోలు చేసి సరిపెట్టుకుంటారు. గుడ్డ నమూనా భంగిమను చూపగలదు గానీ, పాలతో గట్టిపడి నొప్పెట్టే రొమ్ముకు బిడ్డ ఎందుకు అతుక్కోలేకపోతోందో చూపలేదు.

ఈ నిబంధనల చరిత్ర పాతికేళ్లయినా నిండనిది. ఫేస్‌బుక్ పాలిచ్చే ఫోటోలను తొలగిస్తోందని 2007 నుంచే తల్లులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. 2008 డిసెంబర్ 27న కొందరు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఆ సంస్థ కార్యాలయం ముందు బిడ్డలకు పాలిస్తూ నిరసన తెలిపారు. పాలివ్వడం మీద తమకు అభ్యంతరం లేదని, చనుమొన గానీ దాని చుట్టూ ఉన్న వలయం గానీ కనిపించడమే సమస్యని సంస్థ అప్పట్లో చెప్పింది. 2012 ఫిబ్రవరిలో బయటపడిన అంతర్గత మార్గదర్శకాలు ఆ మాట వెనుక ఉన్న తూకాన్ని బయటపెట్టాయి. బయటి సంస్థల ద్వారా పోస్టులను పరిశీలించే ఉద్యోగుల కోసం రాసిన ఆ పత్రంలో చనుమొన స్పష్టంగా కనిపించే పాల ఫోటోలను తీసేయాలని ఉంది. లోపలి భాగాలు బయటకు రానంతవరకు నుజ్జయిన తలలు, అవయవాల ఫోటోలు ఉండవచ్చనీ ఉంది. మగవారి చనుమొనలకు అభ్యంతరం లేదనీ ఉంది. ఒకే పత్రంలో పక్కపక్కన ఉన్న ఈ వాక్యాలను చదివినవారికి, ఈ కొలమానం హాని ఎంత అన్న లెక్క మీద తయారు కాలేదని వెంటనే అర్థమవుతుంది.

2014లో ఫేస్‌బుక్ ఈ నిబంధనను సడలించింది. బిడ్డ పాలు తాగుతున్న ఫోటోలను, రొమ్ము తొలగించిన తర్వాతి మచ్చల ఫోటోలను అనుమతిస్తామని 2015 మార్చిలో స్పష్టంగా రాసింది. ఇన్‌స్టాగ్రామ్ ఆ మరుసటి నెలలో అదే దారి పట్టింది. కాన్పు సమయం, కాన్పు తర్వాతి క్షణాలు, వైద్య సందర్భాలు, నిరసనలు కూడా ఆ మినహాయింపుల్లో ఉన్నాయి. కాగితం మీద చూస్తే సమస్య అక్కడితో తీరిపోయింది. అయితే మూల నిబంధన మాత్రం మారలేదు. స్త్రీ చనుమొన కనిపించే ఫోటోను తీసివేయడం సూత్రం, పాలివ్వడం దానికి మినహాయింపు. సూత్రాన్ని అమలు చేయడం యంత్రానికి సులువు, మినహాయింపును గుర్తించడం కష్టం. ఫోటోలో నగ్నత ఉండే అవకాశం ఎంతో లెక్కగట్టే ప్రోగ్రామ్ చర్మం ఎంత మేర కనిపిస్తోంది, ఆకారాలు ఏమిటి అన్నది చూసి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె ఒక గీత దాటితే పోస్టు పోతుంది. ఆ ఫోటో ఎందుకు పెట్టారు, కింద ఏం రాశారు, పెట్టింది నర్సా అన్నవి ఆ అంకెలోకి అంత తేలిగ్గా ఎక్కవు. మినహాయింపు తనకు వర్తిస్తుందని నిరూపించుకునే భారం చివరికి తల్లి మీదే పడుతుంది.

దీనికి బ్రెజిల్‌లో జరిగిన ఒక ఉదంతం మంచి నిదర్శనం. 2020 అక్టోబరులో అక్కడి ఒక మహిళ రొమ్ము క్యాన్సర్ లక్షణాలను వివరిస్తూ 8 ఫోటోలున్న పోస్టును ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. వాటిలో 5 ఫోటోల్లో చనుమొనలు కనిపిస్తున్నాయి. క్యాన్సర్ అవగాహన కోసమైతే అలాంటి ఫోటోలు పెట్టవచ్చని నిబంధనలు చెబుతున్నా, మనిషెవరూ చూడకుండానే యంత్రం ఆ పోస్టును తీసేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నిర్ణయాలను సమీక్షించడానికి ఏర్పాటైన ఓవర్‌సైట్ బోర్డు తన తొలి కేసుల్లో ఒకటిగా దీన్ని తీసుకుని, తొలగింపు తప్పని 2021 జనవరిలో తీర్పు చెప్పింది. బోర్డు పట్టుకున్న లోపం తెలుగువారు ప్రత్యేకంగా గమనించదగ్గది. ఫోటో మీదే పోర్చుగీసు భాషలో రొమ్ము క్యాన్సర్ అని రాసి ఉన్నా యంత్రం దాన్ని చదవలేకపోయింది. ఫోటోల మీద రాసిన మాటలను గుర్తించే సామర్థ్యం పెంచాలని బోర్డు సిఫారసు చేసింది. పోర్చుగీసు కోట్ల మంది మాట్లాడే భాష, పెద్ద మార్కెట్ ఉన్న భాష. దానికే అలా జరిగితే, ఫోటో మీద తెలుగు లిపిలో ‘బిడ్డకు పాలు పట్టే పద్ధతి’ అని రాసిన పోస్టుకు ఎంత రక్షణ దొరుకుతుందో ఊహించవచ్చు. పైగా మన వాళ్లు సగం తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు.

తెలుగు చదవగలిగిన మనుషులు లేక ఇలా జరుగుతోందా అంటే, ఆ మాటకు హైదరాబాద్‌లో నిలబడటం కష్టం. ఫేస్‌బుక్ భారతదేశంలో తన తొలి కార్యాలయాన్ని 2010లో తెరిచింది ఈ నగరంలోనే. వేదికల కోసం పోస్టులను పరిశీలించే ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు కూడా ఇక్కడ పెద్ద సంఖ్యలో పనిచేస్తూ వచ్చారు. 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తా సంస్థ అలాంటి ఒక కేంద్రం గురించి కథనం రాసింది. 8 గంటల షిఫ్టులో 2,000 పోస్టుల దాకా చూడాల్సి వస్తోందని, జీతం తక్కువని, ఒత్తిడి తట్టుకోలేకపోతున్నామని కొందరు ఉద్యోగులు చెప్పినట్టు అందులో ఉంది. ఆ లెక్కన ఒక్కో పోస్టుకు దక్కేది పదిహేను సెకన్ల లోపే. అంత సమయంలో ఒక అమ్మాయో అబ్బాయో, అంతకు ముందు క్షణంలో ఏ దారుణాన్ని చూశారో తెలియదు గానీ, ఈ ఫోటో పాఠమా బూతా అని తేల్చాలి. పొరపాటున ఉంచేస్తే తప్పు పట్టుకుంటారు, పొరపాటున తీసేస్తే ఎవరూ అడగరు అన్న భయం ఉన్న చోట చేయి తీసేయడానికే మొగ్గుతుంది. ఈ పరిస్థితికి ఆ ఉద్యోగులను నిందించడం అన్యాయం.

మినహాయింపు ఎంత ఇరుకైనదో అర్థం కావాలంటే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల తల్లులను చూడాలి. బిడ్డ నవజాత శిశు ఐసీయూలో ఉంటే తల్లి నేరుగా పాలివ్వలేదు. చేత్తో గానీ పంపుతో గానీ పాలు తీసి పంపాలి. తీసే విధానం తెలియకపోతే కొద్ది రోజుల్లోనే పాలు తగ్గిపోతాయి. తల్లికి పాలు రానప్పుడు వేరే తల్లులు దానం చేసిన పాలు ఆదుకుంటాయి. నిలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు నడుస్తున్నది ఇందుకే. చేత్తో పాలు తీయడం నేర్పే వీడియోలో బిడ్డ ఉండదు, ఉండే వీలు లేదు. ‘బిడ్డ పాలు తాగుతున్న’ ఫోటోలకే పరిమితమైన అనుమతి ఈ తల్లికి వర్తించదు. యూట్యూబ్ 2024లో తన ప్రకటనల నిబంధనలను సడలించి, చనుమొన కనిపించినా పాలిచ్చే వీడియోలకు, పాలు తీసే వీడియోలకు ఆదాయం రావచ్చని చెప్పినప్పుడు కూడా, దృశ్యంలో బిడ్డ ఉండాలనే షరతు పెట్టింది. ఆ షరతు రాసినవారి మనసులో ఐసీయూ గాజు తలుపు బయట కూర్చున్న తల్లి లేదు. చనుమొన పగుళ్లు, రొమ్ములో గడ్డకట్టి చీము పట్టడం, చనుమొన లోపలికి పోయి ఉండటం వంటివి చూపే ఫోటోలు వైద్య సందర్భం కిందికి వస్తాయని వాదించవచ్చు. కానీ ఆ వాదన వినిపించడానికి తల్లికి ముందు పోస్టు పోవాలి, అప్పీలు పెట్టాలి, ఎదురు చూడాలి. ఆలోగా ఆ సమాచారం కావలసిన బాలింత డబ్బా పాలకు వెళ్లిపోయి ఉంటుంది.

డబ్బా పాల మాట వచ్చింది కనుక అసలు తేడా ఇక్కడ చెప్పుకోవాలి. రెండేళ్ల లోపు పిల్లల పాలపొడులను, పాల సీసాలను ప్రచారం చేయకూడదని భారతదేశంలో 1992 నుంచి చట్టం ఉంది, 2003లో దాన్ని మరింత గట్టిపరిచారు. టీవీలో, పత్రికల్లో ఆ ప్రకటనలు కనిపించకపోవడానికి కారణం అదే. సోషల్ మీడియాలో ప్రచారం వేరే వేషాల్లో సాగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక వివరించింది. వివిధ దేశాల్లోని 264 బ్రాండ్ ఖాతాలను గమనిస్తే అవి రోజుకు దాదాపు 90 పోస్టులు పెడుతూ 22.9 కోట్ల మందికి చేరుతున్నాయని తేలింది. తల్లుల సలహా బృందాలు, ప్రముఖుల సిఫారసులు, పిల్లల పెంపకం యాప్‌ల రూపంలో వచ్చే ఈ ప్రచారాన్ని తల్లులు ప్రకటనగా గుర్తించలేకపోతున్నారని కూడా ఆ నివేదిక చెప్పింది. నవ్వుతున్న బిడ్డ, చేతిలో సీసా ఉన్న ఫోటోను ఏ యంత్రమూ ఆపదు, ఎందుకంటే అందులో చర్మం కనిపించదు. బిడ్డ ఆరోగ్యానికి హాని చేసే ప్రచారం సాఫీగా సాగిపోయి, మేలు చేసే పాఠం ఆగిపోయే ఏర్పాటును తటస్థమైన నిబంధన అనడం కుదరదు. సెంటర్ ఫర్ ఇంటిమసీ జస్టిస్ అనే అమెరికా సంస్థ కూడా 2022లో ఇలాంటి తేడానే బయటపెట్టింది. స్త్రీల ఆరోగ్యం మీద పనిచేసే 60 సంస్థలను అడిగితే, అన్నింటి ప్రకటనలూ ఏదో ఒక దశలో ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో తిరస్కరణకు గురైనట్టు తేలింది. మగవారి లైంగిక సమస్యల మందుల ప్రకటనలు మాత్రం అక్కడ నడుస్తూనే ఉన్నాయి.

దీనికి ఎదురుగా వినిపించే వాదన ఒకటుంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. బిడ్డకు పాలివ్వడం పేరుతో, రెచ్చగొట్టే శీర్షికలతో, ఉద్దేశపూర్వకంగా తీసిన వీడియోలు తెలుగుతో సహా మన భాషల్లో ఉన్నాయి. వాటి కింద వచ్చే వ్యాఖ్యలు చూస్తే అవి ఎవరి కోసం తయారయ్యాయో తెలుస్తుంది. అంతకంటే ఘోరం, బస్సులోనో పెళ్లి మంటపంలోనో కొంగు చాటున బిడ్డకు పాలిస్తున్న తల్లిని ఆమెకు తెలియకుండా ఫోనులో తీసి పంచుకోవడం. ఒక తల్లి తన ఖాతాలో పెట్టుకున్న ఫోటోను ఎత్తుకుపోయి వేరే చోట అసభ్యమైన రాతతో పెట్టడం కూడా ఇలాంటిదే. వీటిని తక్షణం తీసివేయాల్సిందే. 2021 ఐటీ నిబంధనలు ఇందుకే ఒక ప్రత్యేక ఏర్పాటు చేశాయి. ఒక వ్యక్తి శరీరాన్ని నగ్నంగానో పాక్షిక నగ్నంగానో చూపే ఫోటో మీద ఆ వ్యక్తి గానీ, ఆమె తరఫున మరొకరు గానీ ఫిర్యాదు చేస్తే మొదట్లో 24 గంటల్లో చర్య తీసుకోవాలని ఆ నిబంధనలు వేదికలను ఆదేశించాయి. ఈ ఏర్పాటులో ఒక మంచి ఆలోచన దాగి ఉంది. ఇక్కడ ఫిర్యాదు హక్కు ఫోటోలో ఉన్న మనిషిది. ఎంత చర్మం కనిపించింది అన్నదాని కంటే, ఆ ఫోటో ఎవరి ఇష్టంతో బయటకు వచ్చింది అన్నదే తేల్చాల్సిన ప్రశ్న. వేదికల సొంత నిబంధనలు దీన్ని తలకిందులు చేశాయి. తల్లి తన ఇష్టంతో పెట్టిన ఫోటో మీద, ఆమెతో ఏ సంబంధమూ లేని నలుగురు అపరిచితులు ఫిర్యాదు నొక్కితే అది పరిశీలనకు వెళుతుంది. దొంగతనంగా తీసిన వీడియోలో చనుమొన కనిపించకపోతే అది నిబంధనలకు లోబడినట్టే కనిపిస్తుంది. మొదటిది పోయి రెండోది మిగిలే అవకాశం ఉన్న చోట, ఆ కొలత స్త్రీల గౌరవాన్ని కాపాడుతోందని ఎలా అనగలం?

మన న్యాయస్థానాలు ఈ విషయంలో వేదికల కంటే స్పష్టంగా ఆలోచించాయి. నగ్నత ఉన్నంత మాత్రాన ఒక చిత్రం అశ్లీలమైపోదని, దాని సందర్భాన్ని, మొత్తంగా అది చెప్పే విషయాన్ని సమకాలీన సమాజ ప్రమాణాలతో చూడాలని సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో చెప్పింది. 2018లో మలయాళ పత్రిక గృహలక్ష్మి ముఖచిత్రంగా పాలిస్తున్న స్త్రీ ఫోటో వేసినప్పుడు గొడవ చెలరేగి వ్యవహారం కేరళ హైకోర్టుకు చేరింది. ఎంత చూసినా ఆ చిత్రంలో తమకు అశ్లీలత కనిపించలేదని ధర్మాసనం పిటిషన్‌ను కొట్టేసింది. హైదరాబాద్ హైకోర్టు నుంచి బదిలీపై వెళ్లిన జస్టిస్ దామా శేషాద్రి నాయుడు ఆ ధర్మాసనంలో ఒకరు. బహిరంగ ప్రదేశాల్లో పాలిచ్చే గదులు ఏర్పాటు చేయాలంటూ దాఖలైన పిటిషన్‌పై 2025లో తీర్పిస్తూ సుప్రీంకోర్టు, బయట బిడ్డకు పాలివ్వడాన్ని తప్పుగా చూడరాదని కూడా చెప్పింది. యశోద కృష్ణుడికి పాలిస్తూ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని మధ్యలో లేచి వెళ్లడం, అలిగిన పిల్లవాడు పెరుగు కుండ పగలగొట్టడం హరికథల్లో విని పెరిగిన సమాజం మనది. మన సంస్కృతికి పడదు కాబట్టి తీసేస్తున్నామనే సాకు ఇక్కడ చెల్లదు.

ఇంకో సంగతి, తీసివేత ఒక్కటే శిక్ష కాదు. పోస్టు ఉంటుంది, కానీ ఇతరులకు సిఫారసుగా చూపించడం ఆగిపోతుంది. సిఫారసు చేయదగ్గవి ఏవి అన్నదానికి వేరే నిబంధనలున్నాయి, అవి మూల నిబంధనల కంటే కఠినమైనవి. తొలగింపు వరుసగా జరిగితే ఖాతా మీదే ఆంక్షలు పడతాయి. గాంధీ ఆసుపత్రి దగ్గరో పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి దగ్గరో పనిచేసే ఒక నర్సు సొంత ఆసక్తితో వీడియోలు చేస్తుంటే, ఒకట్రెండు హెచ్చరికలు చాలు ఆమె మానుకోవడానికి. అలా ఆగిపోయిన వీడియోలు, తొలగింపుల గురించి వేదికలు విడుదల చేసే ఏ పారదర్శకత నివేదికలోనూ లెక్కకు రావు.

మార్చాల్సినవి పెద్ద ఆదర్శాలేమీ కావు. మినహాయింపును ‘బిడ్డ తాగుతున్న క్షణం’ నుంచి తల్లిపాలకు సంబంధించిన అన్ని పనులకూ విస్తరించాలి, అందులో పాలు తీయడం, రొమ్ము సమస్యలు, చన్ను పట్టించే పద్ధతి స్పష్టంగా ఉండాలి. ఆసుపత్రులు, పాల బ్యాంకులు, శిక్షణ పొందిన సలహాదారుల ఖాతాలు పెట్టే పోస్టులను యంత్రం ఒక్కటే తీసేయకుండా, తెలుగు చదవగల మనిషి చూశాకే నిర్ణయం జరగాలి. తీసేస్తే ఏ వాక్యం ప్రకారం తీసేశారో తెలుగులో చెప్పాలి. నగ్నత నిబంధన స్త్రీ పురుష భేదం మీద ఆధారపడిన తీరునే పునరాలోచించి, మానవ హక్కులకు అనుగుణంగా స్పష్టమైన ప్రమాణాలు రాయాలని ఓవర్‌సైట్ బోర్డు 2023 జనవరిలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల మాతృసంస్థ మెటాకు సిఫారసు చేసింది. ఆ సిఫారసు స్థాయికి ఎదగడానికి సమయం పడుతుందనుకున్నా, పైన చెప్పిన మార్పులకు అంత సమయం అక్కర్లేదు.

ఈలోగా పోస్టు పోయిన తల్లికి, సలహాదారుకు ఒక దారి ఉంది, అది చాలామందికి తెలియదు. వేదికలో అప్పీలు పెట్టడంతో పాటు, భారతదేశం కోసం ఆ సంస్థ నియమించిన ఫిర్యాదుల అధికారికి విడిగా రాయాలి. ఆయన జవాబు తృప్తికరంగా లేకపోతే, 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీలకు ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు, లాయరు అక్కర్లేదు. తొలగించిన పోస్టు స్క్రీన్‌షాట్, దాని కింద రాసిన వివరణ, వచ్చిన హెచ్చరిక, తేదీలు భద్రపరచుకుంటే అప్పీలు బలంగా ఉంటుంది. ఈ పనిని ఒంటరి తల్లుల మీద వదిలేయకుండా రాష్ట్ర ఆరోగ్య శాఖే చేపట్టవచ్చు. ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు జరుపుతున్నారు. అప్పుడు పెట్టే స్టాళ్లలో ఒకదాన్ని, నర్సులకు, ఆశా కార్యకర్తలకు, తల్లులకు ఆగిపోయిన పోస్టుల మీద అప్పీలు రాసిపెట్టడానికి కేటాయించవచ్చు.